వంటగట్టుకి బ్లాక్ గెలాక్సీ రాయి కొన్నాం: రాయికి నాలుగు స్టార్లు, కోతకి రెండు

ముప్పయ్యేళ్లు డిగ్రీ కాలేజీలో జియాలజీ చెప్పినవాణ్ణి. గ్రానైటు షాపులో నోరు మూసుకుని ఉండటం నా వల్ల కాదు. "అక్కడ పాఠం మొదలెట్టకండి" అని మా ఆవిడ బయల్దేరేటప్పుడే హెచ్చరించింది. లెన్స్ మాత్రం జేబులో వేసుకున్నా.

షాపులో పలకలన్నీ ఆరుబయట ఎండలో నిలబెట్టి ఉన్నాయి. అది మంచిదే, ట్యూబులైటు కింద నల్లరాళ్లన్నీ ఒకలాగే కనబడతాయి. కుర్రాడు గెలాక్సీ మీద నీళ్లు చల్లి తుడిచాడు. నల్లటి రాయిలో బంగారు రజను. "గోల్డ్ సార్!" గోల్డు కాదు నాయనా, బ్రాంజైట్ రేకులు, పైరాక్సీన్ జాతి ఖనిజం.

అసలది గ్రానైటే కాదు. పలుగూ (క్వార్ట్జ్ ఖనిజం), ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజాల్లో రెండు రకాలూ కలిపి వందనుకుంటే, పలుగు 20 నుంచి 60 దాకా ఉంటేనే గ్రానైటు. ప్రకాశం జిల్లా చీమకుర్తి నుంచి వచ్చే ఈ గెలాక్సీలో ముఖ్యంగా ఉండేవి ప్లేజియోక్లేజ్ (ఒక రకం ఫెల్డ్‌స్పార్), పైరాక్సీన్. అంటే గాబ్రో అనే నల్లరాళ్ల కుటుంబం. పక్కనున్న కరీంనగర్ టాన్ బ్రౌన్ అసలైన గ్రానైటు: గోధుమరంగు ఫెల్డ్‌స్పార్ బిళ్లలు, సందుల్లో గాజుపెంకుల్లాంటి బూడిదరంగు పలుగు. బిల్లులో మాత్రం రెండూ గ్రానైటే. పోనీలెండి, రెండూ గట్టివే, వంటగట్టుకి ఆ తేడాతో పనిలేదు.

మూడోదానితోనే చిక్కు. "వైట్ గ్రానైట్" అన్నారు. విరిగిన ముక్క తీసుకుని చాకుతో గీశా, గీత పడింది; గ్రానైటైతే ఇంత తేలిగ్గా పడదు. సోడాబండి దగ్గర నిమ్మచెక్క అడిగి తెచ్చి పిండితే సన్నగా నురగ. పాలరాయి! గ్రానైటులా కరిగిన శిలాద్రవం గడ్డకట్టి ఏర్పడిన అగ్నిశిల కూడా కాదు. చింతపండు పులుసు ఒలికితే మెరుపు పోతుంది. "అందరూ గ్రానైటనే పట్టుకెళ్తున్నారు సార్" అని ఓనరు నవ్వేశాడు.

గెలాక్సీయే తీసుకున్నాం. రంగు పట్టించారేమోనని నెయిల్ పాలిష్ రిమూవర్ దూదితో రుద్దితే దూది తెల్లగానే ఉంది. రాయికి వంక లేదు. కానీ 18 మిల్లీమీటర్లన్న మందం స్కేలు పెడితే 16 వచ్చింది. సింకు కోసేటప్పుడు అంచు పెచ్చు ఊడితే నల్ల లప్పం పూసి పంపారు, అదీ నాలుగు రోజులు ఆలస్యంగా. గొడవపడితే రవాణా ఖర్చు తగ్గించారు.

సింకు కోసిన ముక్క ఊరికే ఇచ్చారు. బల్లమీద పెట్టుకుందామని తెచ్చుకుంటే, మా ఆవిడ దాన్ని చపాతీపీట చేసేసింది.