ఐఈపీ రాయించే ముందు రాసేవాళ్ల ఆర్‌సీఐ నమోదు నంబర్ అడగండి, నేను అడగలేదు

పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ వైపు అమ్మానాన్నలకు ఒక మాట. మీ పిల్లల ఐఈపీ కోసం, అంటే బడిలో మీ పిల్లలకు ఏం నేర్పాలో, ఎలా నేర్పాలో రాసే ప్లాను కోసం, ఆ కొత్త సెంటరుకు వెళ్దామనుకుంటుంటే ఆగండి. పేరు రాయడం లేదు. రథయాత్రకు ముందు మన గ్రూపులన్నిట్లో తిరిగిన పసుపు రంగు ప్రకటన గుర్తుందా? 'ఏ బడిలోనైనా చెల్లే ఐఈపీ, పదిహేను రోజుల్లో చేతికి' అని. అదే.

మా వాడికి తొమ్మిదేళ్లు, ఆటిజం. మూడో తరగతి. యూడీఐడీ కార్డు, అదే వైకల్య గుర్తింపు కార్డు, ఉంది. బడిలో కొత్తగా వచ్చిన హెడ్మాస్టరు 'ఐఈపీ ఏదైనా ఉంటే తీసుకురండి, వీడికి ఏం చెప్పాలో మాకు తెలియడం లేదు' అన్నారు. అంతే, నాకు టెన్షన్ పట్టుకుంది. మా ఆయన 'బ్లాక్ ఆఫీసులో ఒకసారి అడుగు' అన్నారు. వాళ్లు ఎప్పుడు చూస్తారులే, ఏడాది పోతుందిలే అనుకున్నాను. చీటీ పాడుకున్న డబ్బుల్లోంచి 18,000 తీసుకెళ్లి కట్టేశాను. అక్కడ గోడ మీద నాలుగు ఫ్రేములు ఉన్నాయి. చూశాను, లోపల ఏం రాసుందో చదవలేదు. ఆ తప్పు నాదే.

సెంటరు నడిపే ఆవిడ మా వాణ్ని చూసింది ఇరవై నిమిషాలు. వాడు టేబుల్ కింద దూరి చెప్పుల పట్టీ తిప్పుకుంటూ కూర్చున్నాడు. ఆవిడ కిందికి వంగి ఒక్కసారైనా వాడితో మాట్లాడలేదు. నా చేత ఒక ఫారం నింపించి, ఇక చాలు అంది. రెండు వారాల తర్వాత ముప్పై రెండు పేజీల స్పైరల్ ఫైలు ఇచ్చింది, అంతా ఇంగ్లీషు. నేను చదివింది ఒడియా మీడియం. మందంగా ఉంది కదా, బాగా రాసి ఉంటుంది అనుకుని బడికి ఇచ్చేశాను. నాలుగు నెలలు అదే ప్లాను ప్రకారం వాడిని కూర్చోబెట్టారు. వాడు రోజూ ఏడుస్తూ వచ్చేవాడు. పెన్సిల్ చూపిస్తే చేతులు వెనక్కి పెట్టుకునేవాడు. ముందు అలా లేడు, పలక ఇస్తే గీతలు గీసేవాడు.

మొన్న మంగళవారం బ్లాక్ ఆఫీసు నుంచి సమగ్ర శిక్షా (ప్రభుత్వ బడి చదువుల పథకం) స్పెషల్ ఎడ్యుకేటర్ బడికి వచ్చారు. ఫైలు తిరగేసి ఆయన నన్ను అడిగిన మొదటి ప్రశ్న, 'అమ్మా, బాబు ఇంట్లో ఏ భాష వింటాడు?' తెలుగు అన్నాను. వీధిలో, బడిలో ఒడియా. 'మరి ఇందులో మొదటి లక్ష్యం హిందీ అక్షరాలు గుర్తించడం అని ఉంది కదమ్మా' అన్నారు. ఇంకో పేజీ తీసి చదివి వినిపించారు. మాల్‌లో ఎస్కలేటర్ భయం లేకుండా ఎక్కడం నేర్పాలట. మన ఊళ్లో ఎస్కలేటర్ ఎక్కడుంది? పదకొండో పేజీలో మా వాడి పేరే లేదు. ఎవరో ఆడపిల్ల పేరు ఉంది, వయసు ఏడు.

ఆ ఫైలు పట్టుకుని అక్కడినుంచి నేరుగా సెంటరుకే వెళ్లాను. డబ్బు కట్టేదాకా 'మీరు కూర్చోండి, మీరేం కంగారు పడకండి' అన్న మనిషి ఆరోజు కూర్చోమని కూడా అనలేదు. పదకొండో పేజీ తెరిచి చూపించాను. టైపింగ్ తప్పు అంది. హిందీ సంగతి అడిగాను. ఫార్మాట్ అన్నిచోట్లా ఒకటే అంది. మా వాడు పెన్సిల్ ముట్టడం మానేశాడండీ అన్నాను. అప్పుడు అంది, 'నీ కొడుక్కి ఏది రాసినా ఒకటే కదా, వాడేమైనా చదువుతాడా?'

ఎదురుగా ఇంకో తల్లి కూర్చుని ఉంది, ఒళ్లో పిల్ల. ఆమె కూడా విన్నది. మూడు రోజులైంది, నాకు అన్నం సయించడం లేదు. వాడు చదువుతాడో లేదో తర్వాత సంగతి. వాడు ఆకలేస్తే కంచం తెచ్చి నా ముందు పెడతాడు. మహేంద్రతనయ నది ఒడ్డుకు తీసుకెళ్తే నీళ్లు చూపించి 'నీ' అంటాడు. ఆ ఒక్క అక్షరం రావడానికి మాకు రెండేళ్లు పట్టింది. ఆవిడ ఒక్కసారి వాణ్ని సరిగా చూసి ఉంటే ప్లాను అక్కడినుంచే మొదలయ్యేది. 'ఏది రాసినా ఒకటే' అనడానికి ఆవిడకు నోరెలా వచ్చింది?

అప్పుడు ఫ్రేముల్లో ఏముందో చదివాను. ఆరు నెలల ఆన్‌లైన్ చైల్డ్ సైకాలజీ డిప్లొమా. మిగతావి వర్క్‌షాప్ సర్టిఫికెట్లు. మీ ఆర్‌సీఐ నంబర్ ఏది అని అడిగితే, దాని అవసరం లేదంది.

అవసరం ఉంది. ఎడ్యుకేటర్ గారు బడి వరండాలో కూర్చోబెట్టి నాకు అర్థమయ్యేలా చెప్పారు. ఆటిజం ఉందో లేదో, ఎంత శాతమో రాసేది గవర్నమెంటు ఆసుపత్రి డాక్టర్ల బోర్డు. తెలివితేటల పరీక్ష చేసేది సైకాలజిస్టు. మాట సంగతి చూసేది స్పీచ్ థెరపిస్టు. కానీ వీడు బడిలో ఏం నేర్చుకోవాలి, ఎలా నేర్పాలి అని రాయాల్సింది స్పెషల్ ఎడ్యుకేషన్‌లో డీఎడ్ గానీ బీఎడ్ గానీ చేసి, రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో, అంటే ఆర్‌సీఐలో, నమోదైన టీచరు. అదీ ఒంటరిగా గదిలో కూర్చుని కాదు. డాక్టరు, థెరపిస్టులు ఇచ్చిన కాగితాలు ముందు పెట్టుకుని, క్లాసు టీచరుతో, అమ్మానాన్నలతో మాట్లాడి రాయాలి. పిల్లవాడికి ఇప్పటికే ఏం వచ్చో మొదట రాయాలి. మధ్యమధ్య చూసి మార్చాలి.

ఆర్‌సీఐ చట్టం 1992లో వచ్చింది. నమోదు లేకుండా ఈ పని చేస్తే ఏడాది వరకు జైలు, లేదా 1,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. నా దగ్గర తీసుకున్నది 18,000. ఆ జరిమానాకు వాళ్లు భయపడతారా? 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్న పిల్లలకు ఆరేళ్ల నుంచి పద్దెనిమిదేళ్ల దాకా చదువు ఉచితం. ఎడ్యుకేటర్ గారు మా దగ్గర ఒక్క రూపాయి తీసుకోలేదు. ఆరోజు మా వాడితో నేల మీద నలభై నిమిషాలు కూర్చున్నారు. వాడు ఆయన పెన్ను లాక్కున్నాడు, ఆయన ఇచ్చేశారు.

డబ్బు తిరిగి ఇవ్వనంది. రసీదు కూడా లేదు నా దగ్గర. ఫోన్‌పేలో పంపింది మాత్రం ఉంది, అది పట్టుకుని ఫిర్యాదు రాయిస్తున్నాను.

మీరు వెళ్తే మొదట నంబర్ అడగండి. ఆర్‌సీఐ వెబ్‌సైట్‌లో పేరుతో గానీ నంబర్‌తో గానీ వెతకొచ్చు. ఐదేళ్లకోసారి రెన్యువల్ ఉంటుంది, అదీ చూడండి. బ్లాక్ ఆఫీసుకు ముందు వెళ్లండి. ఇంగ్లీషు రాకపోతే తెలుగులోనో ఒడియాలోనో చదివి వినిపించమనండి, సిగ్గుపడకండి.

ఇంకొకటి. పదకొండో పేజీలోని పాప పేరు నేను ఇక్కడ రాయను. ఆ ప్రకటన చూసి అక్కడ రాయించుకున్నవాళ్లు మీ ఫైళ్లు ఒక్కసారి మొదటినుంచి చివరిదాకా తిరగేయండి. తొమ్మిదేళ్ల బాబు, కంచం తెచ్చి ముందు పెడతాడు, నీళ్లను 'నీ' అంటాడు అని ఎక్కడైనా ఉంటే అది మా వాడిదే. ఫారంలో నేనే రాసిచ్చాను. నాకు చెప్పండి.