ఇటుక గూడా, ఇనుప బోనా, మెట్ల కిందా? బయట పడుకునే కుక్కకు ఏది మేలు?

మా ఇంటి వెనక కరివేపాకు చెట్టు పక్కన నాలుగడుగుల ఇటుక గది ఒకటుంది. పైన సిమెంటు రేకు, ముందు చిన్న ఇనుప తలుపు. మా లాబ్రడార్ కోసమని మేస్త్రీని పిలిపించి, ముచ్చటపడి కట్టించాను. ఇప్పుడందులో పాత సైకిలు, కొబ్బరి మట్టలు ఉంటున్నాయి. కుక్క మాత్రం మొదటి ఏప్రిల్లోనే బయటికొచ్చి, కరివేపాకు పాదులో గుంత తవ్వుకుని పడుకుంది. తప్పు దానిది కాదు, విదేశీ బొమ్మలు చూసి కట్టించిన నాది. మంచు కురిసే చోట గూడు చేయాల్సిన పని కుక్క ఒంటి వేడిని లోపల ఆపడం. ఖమ్మంలో ఆ వేడిని బయటికి పోనివ్వడం.

కుక్క ఒళ్లు మామూలుగానే 38.5 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుంది. మనకు పట్టినట్టు దానికి ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక చాపి వగర్చడమే దానికున్న పెద్ద దారి. గాలి కదలకుండా ఉక్కగా ఉంటే ఆ దారీ మూసుకుపోతుంది. ఒంటి వేడి 41 దాటిందంటే వడదెబ్బ ప్రాణం మీదికొచ్చినట్టే. మేలో బయటే 44, 45 ఉంటే, మూడు గోడల మధ్య, కాగిన రేకు కింద ఎంతుంటుందో ఒక మధ్యాహ్నం మీరే వంగి లోపలికి దూరి చూడండి. పగ్గుల్లాంటి చప్పిడి ముక్కు జాతులను ఏ గూట్లోనూ బయట ఉంచొద్దు, వాటికి ఈ చర్చే అనవసరం.

అయితే ఇటుక గూటికి గుణాలు లేకపోలేదు. తుపాను వానకు బెదరదు, దొంగ ఎత్తుకుపోలేడు. దీపావళి రాత్రి టపాసులకు వణికే కుక్కకు గోడల చాటు కొండంత అండ. కానీ గోడలతో పాటే పిడుదులు వస్తాయి, మా వైపు గోమార్లంటారు. నాకు ఎండకన్నా ఎక్కువ బుద్ధి చెప్పింది ఇవే. కుక్కల మీద ఎక్కువగా కనిపించే గోధుమరంగు పిడుదు రక్తం తాగాక కిందికి రాలి, గోడ పట్టుకుని పైకి పాకుతుంది. ప్లాస్టరింగు పగుళ్లలో, రేకు ఆనిన చోట దాక్కుని వేల గుడ్లు పెడుతుంది. తిండి లేకుండా నెలల తరబడి బతుకుతుంది. అందుకే కుక్కకు ఎన్నిసార్లు మందు పూసినా వారం తిరిగేసరికి చెవుల నిండా మళ్లీ అవే. ఎర్లికియా జ్వరం మోసుకొచ్చేదీ ఇదే. ఇటుక గూడే కావాలనుకుంటే లోపల పగుళ్లు మిగలకుండా నున్నగా పూయించి, ఏటా సున్నం వేయండి. ఇంకో సంగతి, మనిషి నిలబడి కడగలేని గూటిని ఎవరూ రోజూ కడగరు. ఎత్తు ఆరడుగులుండాలని చెప్పేది కుక్క కోసం కాదు, చీపురు పట్టుకునేవాళ్ల నడుము కోసం.

ఇక వెల్డింగ్ షాపులో చేయించే జాలీ బోను. ఇనుము కేజీల లెక్కన కడతారు కాబట్టి సైజు పెరిగేకొద్దీ బిల్లు చూసి గుండె జారుతుంది. అయినా అద్దె ఇంటివాళ్లకు ఇదే దారి, ఇల్లు మారితే టాటా ఏస్‌లో ఎక్కించుకుని పోవచ్చు. నాలుగు వైపులా గాలి ఆడుతుంది, పిడుదు దాక్కునే సందులు తక్కువ. కానీ జాలీకి నీడ ఉండదు. ఎండలో పెడితే అది బోను కాదు, పెనం. అడుగున జాలీ వేయించొద్దు, గోళ్లు ఇరుక్కుంటాయి, పాదాలు పుండ్లు పడతాయి. మూత్రానికి కింది చట్రం ముందు తుప్పు పడుతుంది, అందుకని రెండు వరుసల ఇటుకల మీద నిలబెట్టాలి. కోతుల బెడద ఉన్న ఊళ్లలో మరో తమాషా చూస్తాం. కోతులను తరమడానికని కుక్కను తెస్తారు, దాన్ని బోనులో పెడతారు. కోతులు బోను మీదే కూర్చుని జామకాయలు తింటుంటే లోపల కుక్క గొంతు పోయేదాకా అరుస్తుంటుంది.

చెక్క గూటి గురించి ఎక్కువ చెప్పడానికేం లేదు. నేల మీద పెడితే చెదలు, వానలో పెడితే ఉబ్బు, ఊరుకుంటే కుక్కే కొరికేస్తుంది.

చాలా ఇళ్లలో పైసా ఖర్చు లేకుండా ఉన్నది మెట్ల కింది జాగా. పైన స్లాబు మెట్లు, ఒక పక్క ఇంటి గోడ, రెండు వైపులా గాలి. మనుషుల అలికిడి వినిపిస్తుంది, అది కుక్కకు పెద్ద ఊరట. పడమటి ఎండ తగిలే మెట్లయితే మాత్రం సాయంత్రానికి స్లాబు కాగి రాత్రి దాకా సెగ కక్కుతుంది. మోటారు, చెప్పుల స్టాండు, ఖాళీ సిలిండరు కూడా అక్కడే చేరతాయి, వాటి వెనక ఎలుకలు, ఎలుకల వెనక పాములు. ఎలుకల మూత్రంతో వానాకాలం లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు భయం ఉంది, ఆ టీకా సంగతి డాక్టర్ని అడగండి.

ఎక్కడ ఉంచినా గచ్చుకు వాలు ఇవ్వండి, నున్నటి టైల్స్ వద్దు, కాళ్లు జారి కీళ్లు పాడవుతాయి. పడకకు జానెడు ఎత్తు నవారు మంచం చాలు, కింద నుంచి గాలి ఆడుతుంది. గోనె సంచి వేస్తే వారానికోసారి ఎండలో ఆరేయాలి.

ఇంకోటి, గూడు ఎంత బాగున్నా అందులో రోజంతా మూసి ఉంచడానికి కాదు. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం మసిలే వీలు లేని బోనులో ఉంచడం, పొట్టి గొలుసుతో గంటల తరబడి కట్టేయడం, ఎప్పుడూ కట్టేసే కుక్కను తిప్పకపోవడం నేరాలే.

నన్నడిగితే మెట్ల కింద చోటున్నవాళ్లు ఇంకేమీ కట్టొద్దు, అక్కడి సామాను తీసేసి ముందు జాలీ తలుపు పెట్టించుకుంటే చాలు. చోటు లేనివాళ్లకు వేపచెట్టు కింద ఆరడుగుల జాలీ బోను. దానికి పడమర వైపు మాత్రం గోడో తడికో, పైకప్పుగా రేకు, రేకు పైన మందంగా తాటాకు. తాటాకులో ఎలుకలు చేరతాయి, రెండు మూడేళ్లకోసారి మార్చాలి, అయినా నేను దానికే ఓటేస్తాను. ఉత్త ఇటుక గది తుపాన్లు తాకే కోస్తా ఊళ్లకు సరిపోతుంది, అదీ ఎదురెదురు గోడలకు పెద్ద జాలీ కిటికీలు పెట్టిస్తేనే.

మా లాబ్రడార్ ఇప్పుడు రాత్రి మెట్ల కింద, పగలు ఇంట్లో. మధ్యాహ్నం కాస్త సందు దొరికితే మాత్రం ఆ కరివేపాకు పాదులోకే పోతుంది. రోజూ చెట్టుకు నీళ్లు పోస్తాం కదా, ఇంటి మొత్తంలో చల్లటి చోటు అదే.