గంగమ్మ జాతరకు ఆడవేషం: ఏది తమాషానో ఏది కాదో తెలిసిన షాపు

తిరుపతిలో తాతయ్యగుంట గంగమ్మ గుడికి పోయే సందుల్లో ఒక గాజుల షాపు ఉంది. జాతర వారంలో చీరలు, సవరాలు, గిల్టు నగలు అద్దెకిచ్చి, మగపిల్లలకు ఆడవేషం కూడా వాళ్లే కడతారు. మావాడికి కామెర్లు తగ్గితే వేషం కట్టిస్తానని మొక్కుకున్నాను. అందుకే ఈ ఏడు అక్కడికి తీసుకెళ్లాను.

షాపు అక్క చీర కట్టడంలో దిట్ట. నడుముకు ముందు తాడు బిగించి కుచ్చిళ్లు దాంట్లోకి దోపింది, పైటకు పిన్నులు రవిక లోపలి నుంచి పెట్టింది. ఆ ఎండలో, ఆ తోపులాటలో ఒక్క కుచ్చి జారలేదు. నూనూగు మీసం తీయనని మావాడు మొండికేస్తే, "మన గంగమ్మకు మీసం యాడన్నా చూసినావా నాయనా?" అంది. షాపంతా గొల్లుమంది. వాడూ నవ్వేసి మొహం ముందుకు పెట్టాడు. నగలు మాత్రం నాసిరకం. కమ్మలు నొక్కుకుని వాడి చెవులు ఎర్రగా కందిపోయాయి.

మా పక్కనే ఇద్దరు కుర్రాళ్లు రవికలో బెలూన్లు పెట్టి కట్టమన్నారు, రీల్ కోసమట. అక్క వాళ్ల అడ్వాన్సు వాళ్ల చేతిలో పెట్టేసింది. "జాతరలో బూతులే తిడతారు గదక్కా, దీనికేం?" అన్నారు. "తిట్టేది పాలెగాణ్ణి రా, ఆడబిడ్డల్ని కాదు" అంది.

ఆ మాటకు దండం పెట్టాలనిపించింది. ఆడపిల్లల్ని చెరిచే పాలెగాడు భయపడి దాక్కుంటే, వాణ్ణి బయటికి రప్పించడానికే అమ్మ రోజుకో వేషం వేసిందని మన పెద్దలు చెప్తారు. నామంసుద్ద పూసుకుని బైరాగి వేషం, కుంకుమతో బండ వేషం, బొగ్గుపొడితో తోటి వేషం. చివరికి దొర వేషంలో వాడి తల నరికింది. జాతరలో వేషాలు కట్టినవాళ్లు తిట్టే ఆ బూతులు, ఎగతాళి అంతా ఆడవాళ్లను ఏడిపించినవాడి కోసం. అవే మాటలు గుడికి నడిచొచ్చే ఆడపిల్లల మీద విసిరేవాళ్లు అమ్మ పక్కన ఉన్నట్టా, పాలెగాడి పక్కన ఉన్నట్టా? బండ వేషం రోజు అలాంటి గుంపును చూసి నా కడుపు మండిపోయింది. నవ్వు వద్దని నేననను. మా నాయన తోటి వేషంలో వస్తే వీధంతా పడీపడీ నవ్వేది, ఆయన నోట తిట్లు తిన్న ముసలమ్మలే దండం పెట్టి మజ్జిగ ఇచ్చేవాళ్లు. భక్తికి నవ్వు అడ్డం కాదు, ఎవర్ని చూసి నవ్వుతున్నామో తెలిసుంటే చాలు.

చీర, సవరం, నగలు, మేకప్ కలిపి 900 తీసుకున్నారు. మంగళవారం జాతర రోజు తెల్లారి 5 గంటలకే పోండి, తర్వాత లోపలికి అడుగు పెట్టలేరు. కమ్మలు మాత్రం ఇంట్లోవే తీసుకెళ్లండి.