జార్ ఫైళ్ల వేట మాన్పించిన మావెన్

రొయ్యల ఎగుమతి లెక్కలను ఎక్సెల్‌లో రాసే ప్రోగ్రామ్ నాది, జావా భాషలో రాసింది. విశాఖ మద్దిలపాలెంలోని మా చిన్న ఆఫీసులో కూర్చుని, ఎక్సెల్ ఫైళ్లు రాయడానికి పనికొచ్చే అపాచీ పీఓఐ అనే లైబ్రరీ (ఇతరులు రాసిపెట్టిన కోడ్) తాలూకు రెండు జార్ ఫైళ్లు, అంటే జావా కోడ్ మూటలు, నేనే వెతికి డౌన్‌లోడ్ చేసుకుని మొదలుపెట్టాను. కంపైల్ చేయగానే (కోడ్‌ను నడిపే రూపంలోకి మార్చగానే) ‘ప్యాకేజీ లేదు’ అంటూ వరసగా ఎర్రర్లు! కారణం చిన్నదే. ఇంట్లో లినక్స్ కాబట్టి క్లాస్‌పాత్‌లో, అంటే జార్లు ఎక్కడున్నాయో జావాకు చెప్పే జాబితాలో, జార్ల మధ్య కోలన్ పెట్టడం అలవాటు. ఆఫీసు విండోస్‌కు సెమీకోలన్ కావాలి. అది దిద్దాక కంపైల్ అయింది. నడిపితే పీఓఐకి అవసరమైన మరో లైబ్రరీ ఎక్స్‌ఎంఎల్‌బీన్స్ ఏదని అడిగింది. అది తెచ్చిస్తే కామన్స్ కలెక్షన్స్ అనే ఇంకో లైబ్రరీ ఏదంది. రెండు సాయంత్రాలు బీచ్ రోడ్డు ముఖం చూడలేదు.

మూడో రోజు, కావలసిన లైబ్రరీలను తనే తెచ్చి ప్రోగ్రామ్‌ను కూర్చే మావెన్ అనే పనిముట్టు పెట్టాను. ప్రాజెక్టుకు ఏమేం కావాలో మావెన్‌కు చెప్పే పామ్ ఫైలులో లైబ్రరీ పేరు, వెర్షన్ కలిపి ఐదు వరుసలు రాశాను, అంతే. దానికి కావలసిన మిగతా జార్లన్నీ మావెన్ సెంట్రల్ అనే ఆన్‌లైన్ భాండాగారం నుంచి తనే తెచ్చుకుంది. ‘డిపెండెన్సీ ట్రీ’ ఆదేశమిస్తే ఏది ఎవరి వెంట వచ్చిందో కొమ్మలు కొమ్మలుగా చూపించింది. ఎంత హాయి అనిపించిందో!

లోపమూ ఉంది. వానకు నెట్ పోయి డౌన్‌లోడ్ విఫలమైతే, ఒక్కోసారి ఆ వైఫల్యాన్ని గుర్తుపెట్టుకుని, నెట్ వచ్చినా వెంటనే మళ్లీ ప్రయత్నించదు. ఆదేశానికి ‘హైఫన్ యూ’ (-U) జోడించి నడిపితే కదులుతుంది. ఉచితంగా దొరికే ఈ పనిముట్టుకు ఐదుకు నాలుగున్నర ఇస్తాను.