పెన్సిల్ సెల్లతో నడిచే చిన్న కెమెరా: పదిహేనేళ్ల తరవాత

జేబులో పట్టే డిజిటల్ కెమెరా కొనేటప్పుడు ఎన్ని మెగాపిక్సెళ్లు, జూమ్ ఎంత అని అడిగేవాళ్లే గాని, అది ఏ బ్యాటరీతో నడుస్తుంది, ఆ బ్యాటరీ పదేళ్ల తరవాత దొరుకుతుందా అని అడిగేవాళ్లు తక్కువ. నేనూ అడగలేదు. అడగకుండానే 2009లో కొన్న కెమెరా రెండు పెన్సిల్ సెల్లతో నడిచేది కావడం నా అదృష్టం. 2011లో మా బావమరిది కానుకగా ఇచ్చిన రెండోది పేకముక్కల కట్టంత సన్నగా, చూడముచ్చటగా ఉంటుంది. దానికి తన కొలతకు మాత్రమే చేసిన లిథియం బ్యాటరీ కావాలి. రెండూ పేరున్న కంపెనీలవే. వాటి తప్పులూ చెప్పబోతున్నాను గనుక, పైగా ఆ నమూనాలు ఇప్పుడు కొత్తవి దొరకవు గనుక, పేర్లు రాయడం లేదు.

నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయుణ్ని. జెండా పండుగ, వార్షికోత్సవం, ఎప్పుడైనా విహారయాత్ర, ఇంట్లో శుభకార్యాలు – నా ఫోటోలన్నీ ఇవే. మిగిలిన రోజుల్లో కెమెరా బీరువాలో ఉంటుంది. మొదట్లో పెన్సిల్ సెల్ల కెమెరా అంటే నాకు కొంచెం నామోషీగానే ఉండేది. రెండు సెల్లకే యాభై గ్రాములకు పైగా బరువుండడంతో లాల్చీ జేబు ఒక పక్కకు వేలాడేది. టార్చిలైటు పెట్టుకొచ్చారా మాస్టారూ అని తోటివాళ్లు ఎగతాళి చేసేవారు. బావమరిది కెమెరా వచ్చాక దీన్ని దాదాపు పక్కన పెట్టేశాను.

నా మనసు మార్చింది 2013 సంక్రాంతి సెలవుల్లో చేసిన పాపికొండల ప్రయాణం. ఆరు ఉపాధ్యాయ కుటుంబాలం కలిసి రాజమండ్రి వైపు నుంచి బోటులో వెళ్లాము. రెండు కెమెరాలూ నా సంచిలోనే ఉన్నాయి. గండిపోచమ్మ గుడి దగ్గర మొదలుపెట్టి, కొండలు రెండు వైపుల నుంచి దగ్గరకు జరిగి గోదావరి సన్నబడే చోటు వచ్చేసరికి, సన్న కెమెరా తెర మీద ఎర్రని బ్యాటరీ గుర్తు రెండుసార్లు మిణుకుమని ఆరిపోయింది. దాని ఛార్జరు ఇంట్లో టీవీ వెనక ప్లగ్గుకే ఉండిపోయిందని అప్పుడు గుర్తొచ్చింది. సరే, రెండోది ఉందిగా అని తీస్తే అదీ లేవలేదు. మూడు వారాల కిందట ఛార్జి చేసి పెట్టిన సెల్లు బీరువాలో కూర్చునే ఖాళీ అయ్యాయి. పేరంటాలపల్లి ఒడ్డున కొండరెడ్లు అమ్మే వెదురు బొమ్మలను, అక్కడి శివాలయాన్ని నేను ఫోటో తీయకుండా కళ్లతోనే చూసి వచ్చాను.

ఆ రాత్రి కొల్లూరు వెదురు గుడిసెల్లో బస. జనరేటరు కొన్ని గంటలే వేశారు. ఉన్న రెండు ప్లగ్గుల చుట్టూ సెల్‌ఫోన్ల ఛార్జర్లు గుమిగూడాయి. మర్నాడు తెల్లవారుజామున ఇసుక తిన్నె మీద పందిరి వేసుకుని టీ, బిస్కట్లు అమ్ముతున్న ఒకావిడను, పెద్దగా ఆశ లేకుండానే, "అమ్మా, పెన్సిల్ సెల్లు ఉంటాయా?" అని అడిగాను. "రెండే ఉన్నాయి బాబూ, గడియారానికని దాచుకున్నాను" అంటూనే ఇచ్చింది. వేసి బటను నొక్కగానే లెన్సు గుర్రుమంటూ బయటకు వచ్చింది. ఆ శబ్దం అంత తియ్యగా వినిపించడం అదే మొదలు, అదే ఆఖరు. నది మీద పొగమంచు, అందులో నల్లగా నిలబడిన ఒక పడవ, మా ఆవిడ శాలువా కప్పుకుని టీ గ్లాసు పట్టుకున్న దృశ్యం – ఏడు ఫోటోలు వచ్చాయి. ఎనిమిదో దానికి లెన్సు సగం బయటకు వచ్చి ఆగిపోయి, బ్యాటరీ మార్చమని తెర మీద రాసింది.

ఇంతలో మా లెక్కల మాస్టారి ఆరేళ్ల కొడుకు బొమ్మ కారుతో ఆడుతూ కనిపించాడు. అందులోవి మంచి ఆల్కలైన్ సెల్లు. ముందు తన ఫోటో, తరవాత కారు ఫోటో, ఆ తరవాతే మిగతా వాళ్లవి అనే షరతు మీద వాడు వాటిని అప్పగించాడు. ఆ రెండు సెల్లతోనే ఆ రోజంతా నడిచింది. అందరం బోటు పైభాగాన వరసగా నిలబడి తీయించుకున్న ఫోటో ఇప్పటికీ మా ఉపాధ్యాయుల గదిలో గోడకు ఉంది; అందులో సెల్లు లేని కారును పట్టుకుని ఆ కుర్రవాడు ముందు వరసలో ఉన్నాడు.

ఆ తరవాత ఏడాదిపాటు ఎవరు కెమెరా కొంటానన్నా పెన్సిల్ సెల్లదే కొనమని చెప్పాను. ఇప్పుడు అంత గట్టిగా చెప్పలేను. ఏ ఊళ్లోనైనా సెల్లు దొరుకుతాయన్న మాట నిజమే గాని, కిరాణా కొట్లో దొరికే చవక సెల్ గడియారానికి పనికొచ్చినట్టు కెమెరాకు పనికిరాదు. లెన్సును కదిపే మోటారు, ఫ్లాష్ ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతాయి; ఆ లాగుడుకు చవక సెల్ వోల్టేజి దిగజారి, లోపల శక్తి ఇంకా మిగిలి ఉన్నా కెమెరా ఆగిపోతుంది. తిరిగి ఛార్జి చేసుకునే నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్ మామూలు సెల్ కన్నా తక్కువగా 1.2 వోల్టులదే అయినా ఆ లాగుడును తట్టుకుంటుంది. పాత రకాల్లో చిక్కేమిటంటే వాడకపోయినా వారాల్లో ఖాళీ అవుతాయి. నన్ను పాపికొండల్లో ముంచినవి అవే. 2005లో సాన్యో తెచ్చిన ఎనెలూప్ వంటి సెల్లు ఈ బాధను చాలావరకు తీర్చాయి. నేను నాలుగు కొని, జతలు కలిసిపోకుండా నల్ల మార్కరుతో 'క', 'ఖ' అని రాసుకున్నాను. వాటితో వందలకొద్దీ ఫోటోలు తీశాను. అయినా ఫ్లాష్ వేశాక మళ్లీ సిద్ధం కావడానికి ఏడెనిమిది సెకన్లు పడుతుంది. అక్షింతలు వేసే క్షణం దాని కోసం ఆగదు.

బావమరిది కెమెరా ఈ విషయంలో మేలు. ఫోటోలూ దానివే కొంచెం తేటగా ఉంటాయి. అయితే 2018లో దాని బ్యాటరీ ఉబ్బింది. గోరు పెట్టి లాగితే గాని బయటకు రాలేదు. అసలు బ్యాటరీ తయారీ ఆపేశారన్నారు. వేరే ఎవరో చేసిన నకలు తెచ్చి వేస్తే ముప్పై నలభై ఫోటోలకు మించి రావడం లేదు. ఇప్పుడది బీరువాలో పైఅరలో ఉంది.

ఇంత చెప్పి, నా ముద్దుల కెమెరాకు జరిగింది దాచడం న్యాయం కాదు. 2020లో దాని సెల్ల గది మూతకున్న కొక్కెం విరిగింది. బియ్యపు గింజంత ప్లాస్టిక్ ముక్క. తప్పు ఎక్కడుందో విరిగాక గాని నాకు అర్థం కాలేదు: సెల్లను వెనక నుంచి స్ప్రింగులు ఎప్పుడూ బయటకు నెడుతూ ఉంటాయి, ఆ ఒత్తిడంతా మూత మీద, మూత నుంచి ఆ కొక్కెం మీద పడుతుంది. నా సన్న కెమెరాలో బ్యాటరీని పట్టి ఉంచడానికి లోపల వేరే చిన్న మీట ఉంది. మూతకు ఆ భారం లేదు. అంటే నేను ఇన్నేళ్లు మెచ్చుకున్న పెన్సిల్ సెల్లే దాన్ని విరిచాయి. కోఠీలో ఒక మరమ్మతుదారుకు చూపిస్తే, మూత దొరకదు, దొరికినా మీ కెమెరా కన్నా ఖరీదవుతుంది అన్నాడు. ప్రస్తుతం మా ఆవిడ జడ రబ్బరు బ్యాండు రెండు చుట్లు చుట్టి నడిపిస్తున్నాను. లోపలి చిన్న బిళ్ల బ్యాటరీ కూడా అయిపోయింది గనుక సెల్లు మార్చినప్పుడల్లా తేదీ మొదటికి వస్తుంది. ఫోటోల మీది తేదీ ప్రకారం మా మనవడి అన్నప్రాశన 2008 జనవరి 1న, అంటే నేను కెమెరా కొనకముందే జరిగింది.

ఇప్పుడు కొనదలచినవారికి పెన్సిల్ సెల్లవి కొత్తగా దొరకడం అరుదు. కొడాక్ పేరుతో వచ్చే పిక్స్‌ప్రో ఎఫ్‌జెడ్45 వాటిలో ఒకటి. దాని తోడు ఎఫ్‌జెడ్55కు లిథియం బ్యాటరీ. నాలాగా నెలకోసారి తీసి, తీసినప్పుడు మాత్రం తప్పక నడవాలనుకునేవారైతే మొదటిది చూడవచ్చు. రోజూ జేబులో వేసుకుని తిరిగేవారికి, రాత్రి పూట ఫోటోలు ముఖ్యమైనవారికి నా సలహా పనికిరాదు. వాళ్లు సెన్సరు, అంటే వెలుగును పట్టి ఫోటోగా మార్చే భాగం, పెద్దదైన సోనీ ఆర్ఎక్స్100 వంటివి చూడడమే సబబు. దాని బ్యాటరీ ఆ వరుసలో తరవాత వచ్చిన కెమెరాలకూ పనికొచ్చింది గనుక నా సన్న కెమెరా గతి పట్టే భయం కొంత తక్కువ. రికో జీఆర్ త్రీ చేతికి ఎంతో ఇంపుగా ఉంటుందిగాని, ఒక ఛార్జికి కంపెనీ చెప్పే లెక్కే సుమారు 200 ఫోటోలు. పెళ్లికి వెళితే రెండో బ్యాటరీ ఉండాలి.

పాతది కొనేవారు మాత్రం డబ్బు ఇచ్చేముందు సెల్లు వేసి, మూత పదిసార్లు తెరిచి మూయండి. మూసిన మూతను బొటనవేలితో పక్కకు కొంచెం నెట్టి చూడండి. కదిలితే బేరం తగ్గించమనండి, లేదా జడ రబ్బరు బ్యాండు ఒకటి సిద్ధం చేసుకోండి.