కాంపోజిట్ క్రూనా, క్రాఫ్టుకో క్రూనా: యూనియన్ సైట్లో ఏది మేలు?

విశాఖ ఉక్కులోనో, పరవాడ సింహాద్రిలోనో, రామగుండంలోనో ఎరెక్షన్ పని నేర్చుకుని అమెరికా వచ్చిన మన కుర్రాళ్లు యూనియన్ సైట్లో చేరగానే అడిగే ప్రశ్న ఒకటుంది. “అన్నా, ఫిట్టరు, రిగ్గరు, వెల్డరు, ఇద్దరు ఖలాసీలు ఒక గ్యాంగయితే పని చకచకా అయిపోతుంది కదా. ఇక్కడ ఒక్కొక్కరు ఒక్కో యూనియన్ అంటూ విడగొట్టి ఎందుకు నడుపుతారు? కలిపేయకూడదా?” ఈ మధ్య ఇదే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది కాబట్టి ఒకచోట రాసి పెడుతున్నాను.

కలపొచ్చు. అలా కలిపిన జట్టును ఇక్కడ కాంపోజిట్ క్రూ అంటారు. ప్రతి క్రాఫ్టూ, అంటే ఒక్కో వృత్తి వాళ్లు, తన సొంత ఫోర్‌మన్ కింద, తన వంతు పని మాత్రమే చేయడం రెండో పద్ధతి. ఇల్లినాయ్, ఒహాయో, న్యూజెర్సీ, కాలిఫోర్నియా లాంటి చోట్ల పవర్ ప్లాంట్లలో, రిఫైనరీల్లో రెండూ కనిపిస్తాయి. టెక్సస్, లూసియానాల్లో చాలా ప్రాజెక్టులు యూనియన్ లేకుండానే నడుస్తాయి. ఆ సైట్లలో ఈ ప్రశ్నే రాదు, వాటి జోలికి వెళ్లడం లేదు.

క్రాఫ్టుకో క్రూ పద్ధతిని పాతకాలపు మొండితనం అనుకోవద్దు. కేబుల్ ట్రే వేసి కేబుల్ లాగే పని మొదటి నుంచి చివరి దాకా ఎలక్ట్రీషియన్లదే. అందులో ఇంకొకరిని కలిపితే ఒరిగేదేమీ లేదు. స్ట్రక్చరల్ స్టీల్ నిలబెట్టడం ఐరన్‌వర్కర్ల పని. పైపింగ్‌కి నీటి ఒత్తిడితో చేసే హైడ్రోటెస్ట్ అయ్యాకే ఇన్సులేషన్ వాళ్లు వస్తారు. ఒకరు ముగించాక ఇంకొకరు మొదలుపెట్టే ఇలాంటి పనుల్లో క్రాఫ్టుకో క్రూ పెడితేనే శుభ్రంగా ఉంటుంది. వెల్డు ఫెయిలైతే ఎవరిని అడగాలో తెలుస్తుంది. టైమ్‌షీట్ల లెక్కలు తేలిగ్గా తేలతాయి. సైట్లో యూనియన్ ప్రతినిధులైన స్టీవార్డులకు ఫిర్యాదు ఉండదు. సైట్లో చాలా పని ఇలాంటిదే కాబట్టి, సందేహం వచ్చిన ప్రతిసారీ కాంపోజిట్ క్రూ కోసం పరుగెత్తనక్కర్లేదు.

పని మధ్యలో చేతులు మారాల్సి వచ్చినప్పుడే చిక్కు. ఒక పెద్ద కంప్రెసర్ స్కిడ్‌ని (ఉక్కు చట్రం మీద బిగించి వచ్చే యంత్రాన్ని) పునాది మీద కూర్చోబెట్టాలనుకుందాం. దించి, జరిపి, పునాది మీదికి చేర్చడం తమ పనని ఐరన్‌వర్కర్లు అంటారు. కూర్చోబెట్టి, షిమ్ములు (కింద పెట్టే సన్నని రేకులు) వేసి, అలైన్ చేయడం తమదని మిల్‌రైట్లు, అంటే యంత్రాలు అమర్చేవాళ్లు, అంటారు. కాగితం మీద గీత స్పష్టంగానే కనబడుతుంది. కానీ పనిలోకి దిగాక స్కిడ్‌ని మళ్లీ 3 మిల్లీమీటర్లు లేపాల్సి వస్తుంది, చెయిన్ బ్లాకు ఇంకో వైపుకు మార్చాల్సి వస్తుంది, ఒక యాంకర్ బోల్టు అడ్డుపడుతుంది. అలా ప్రతిసారీ ఒక జట్టు పని ఆపి రెండో జట్టును పిలవాలి. ఆ రెండో జట్టు అప్పటికి యార్డులో మరో లోడు దించుతూ ఉంటుంది. క్రేన్ గంట లెక్కన నడుస్తూనే ఉంటుంది, నలుగురు నిలబడి చూస్తుంటారు. ఎవరూ తప్పు చేయకుండానే రోజు పోతుంది.

అదే పనికి నలుగురు మిల్‌రైట్లు, నలుగురు ఐరన్‌వర్కర్లు కలిసిన ఎనిమిది మంది క్రూ ఉంటే ఈ ఎదురుచూపులు ఉండవు. లేపాలంటే లేపేవాళ్లు పక్కనే ఉంటారు, అలైన్‌మెంటు డయల్ చూసేవాళ్లు పక్కనే ఉంటారు. క్రేన్ నడిపే ఆపరేటింగ్ ఇంజనీర్‌ని మాత్రం ఈ లెక్కలో కలపకూడదు. ఆయనది వేరే ఒప్పందం, వేరే యూనియన్. క్రేన్ పనికి శిక్షణ పొందిన రిగ్గరు, సిగ్నల్ ఇచ్చే మనిషి ఎవరన్నది కూడా ముందే తేల్చుకోవాలి. కలిసి పనిచేస్తున్నారు కదా అని ఎవరు పడితే వాళ్లు చెయ్యి ఊపితే అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా నిబంధనలు ఒప్పుకోవు.

మన వాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. కాంపోజిట్ క్రూ అంటే అందరూ అన్ని పనులూ చేస్తారనీ, కూలీ ఖర్చు తగ్గుతుందనీ అనుకుంటారు. గంట రేటు ఒక్క సెంటు కూడా తగ్గదు. మిల్‌రైట్‌కి మిల్‌రైట్ రేటే ఇవ్వాలి. ఐరన్‌వర్కర్ పెన్షన్, ఆరోగ్య బీమా సొమ్ము ఐరన్‌వర్కర్ల ట్రస్టుకే వెళ్లాలి. అప్రెంటిస్‌ల నిష్పత్తి ఏ క్రాఫ్టుకు ఆ క్రాఫ్టులోనే చూడాలి. ప్రభుత్వ నిర్మాణాల్లో కనీస వేతన రేట్లు పెట్టే 1931 నాటి డేవిస్-బేకన్ చట్టం కిందకు వచ్చే ఫెడరల్ పనయితే ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఒక మనిషి రెండు క్రాఫ్టుల పని చేస్తే ఏ పని ఎన్ని గంటలు చేశాడో సరైన రికార్డు ఉండాలి. అది లేకపోతే ఆ గంటలన్నిటికీ ఎక్కువ రేటే కట్టాల్సి వస్తుంది. ఆదా అయ్యేది ఎదురుచూసే సమయం ఒక్కటే. అది మీ పనిలో పెద్దదా చిన్నదా అన్నది మీరే చూసుకోవాలి.

చాలామంది చర్చను ఇక్కడితో ఆపేస్తారు. ఎదురుచూపులు ఎక్కువుంటే కాంపోజిట్, తక్కువుంటే క్రాఫ్టుకో క్రూ అని తేల్చేస్తారు. నా దృష్టిలో అసలు సంగతి ఇంకా రానే లేదు. ఏది మేలో తేల్చేది క్రూ కట్టే రోజు కాదు, క్రూ తగ్గే రోజు.

ఎనిమిది మందిని సగం సగం పెట్టడానికి ఏ యూనియనూ పెద్దగా అభ్యంతరం చెప్పదు, రెండింటి మనుషులకూ పని దక్కుతోంది కాబట్టి. స్కిడ్ కూర్చుంది. ఇక మిగిలింది అలైన్‌మెంటు, దానికి ముగ్గురు చాలు. ఎవరు ఉంటారు, ఎవరు హాల్‌కి, అంటే మనుషుల్ని పనికి పంపే యూనియన్ ఆఫీసుకి, వెనక్కి వెళ్తారు? మిల్‌రైట్ స్టీవార్డు ఇది పూర్తిగా మా పని అంటాడు. ఐరన్‌వర్కర్ స్టీవార్డు సగం సగం అని ఒప్పుకున్నారు కదా, ముగ్గురిలో కనీసం ఒకరు మావాడుండాలి అంటాడు. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. శనివారం ఓవర్‌టైమ్ దగ్గర ఇది ఇంకా ముదురుతుంది. నలుగురు చాలనుకున్న రోజున డబుల్ టైమ్ ఎవరికి దక్కుతుందన్నది ఆ కుటుంబాలకు చిన్న విషయం కాదు. లేఆఫ్ అయితే హాల్‌లో పేరు మళ్లీ లిస్టులోకెక్కి, తర్వాతి పిలుపు కోసం ఎదురుచూడాలి. అక్కడ నిలబడి వాదిస్తున్న మనిషిని గొడవలమారి అని కొట్టిపారేసేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. ఆయన వచ్చే నెల జీతం గురించి మాట్లాడుతున్నాడు.

గొడవ ముదిరితే దారులు రెండు. 1947 నాటి టాఫ్ట్-హార్ట్‌లీ చట్టం ప్రకారం, ఫలానా పని తమ యూనియన్ వాళ్లకే ఇవ్వాలని యజమాని మీద సమ్మెతోనో, బెదిరింపుతోనో ఒత్తిడి తేవడం అన్యాయ కార్మిక చర్య. అలాంటి ఫిర్యాదు అందాక, సొంతంగా సర్దుకోవడానికి చట్టం ఇరుపక్షాలకూ పది రోజుల గడువిస్తుంది. సర్దుకోకపోతే జాతీయ కార్మిక సంబంధాల బోర్డు చట్టంలోని 10(కె) సెక్షన్ కింద విచారణ జరిపి, ఆ పని ఎవరిదో తేలుస్తుంది. అలా తేల్చి తీరాల్సిందేనని సుప్రీంకోర్టు 1961లో సీబీఎస్ కేసులో చెప్పింది. కానీ ఆ విచారణ ముగిసేలోపు మీ కంప్రెసర్ తిరగడం మొదలుపెడుతుంది. రెండో దారి బిల్డింగ్ ట్రేడ్స్ యూనియన్లు, కాంట్రాక్టర్ల సంఘాలు కలిసి నడిపే మధ్యవర్తిత్వ ఏర్పాటు. సైట్లో దాన్ని ‘ది ప్లాన్’ అని మాత్రమే అంటారు. అది చాలా వేగంగా నడుస్తుంది, అయితే రెండు పక్షాలూ దానికి కట్టుబడి ఉంటేనే. మిల్‌రైట్లుండే కార్పెంటర్ల యూనియన్ 2001లో ఏఎఫ్‌ఎల్-సీఐఓ (ఈ బిల్డింగ్ ట్రేడ్స్ యూనియన్లు ఉన్న జాతీయ సమాఖ్య) నుంచి బయటికొచ్చింది. కాబట్టి మీ సైట్ ఒప్పందంలో వాళ్ల సంతకం ఉందా, వివాదాల క్లాజు వాళ్లకూ వర్తిస్తుందా అన్నది క్రూ కట్టకముందే చూసుకోండి.

ఈ రెండు దారులూ తొక్కకుండా ఉండాలంటే, పని మొదలయ్యే ముందు జరిగే ప్రీ-జాబ్ మీటింగ్‌లోనే, ఏ పని ఎవరిదో రాసే మార్కప్ కాగితంలో తగ్గింపు క్రమం ఉండాలి. ఎనిమిది మందయితే 4:4, ఆరుగురయితే 3:3, నలుగురయితే 2:2 అని అంకెలతో రాయాలి. ముగ్గురయితే ఆ దశలో ఎక్కువ భాగం ఏ క్రాఫ్టు పనో ఆ క్రాఫ్టుకు ఇద్దరని రాయాలి. ఏ దశ దాటాక కాంపోజిట్ క్రూ ముగిసిపోయి పని ఒక్క క్రాఫ్టుకే వెళ్తుందో పేరు పెట్టి రాయాలి. ‘లోడు హుక్ నుంచి విడిపోయాక’ అనో, ‘మొదటి అలైన్‌మెంటు రీడింగ్ తీసుకున్నాక’ అనో అందరికీ కంటికి కనబడే గుర్తు ఉండాలి. ‘రిగ్గింగ్ పూర్తయ్యాక’ లాంటి మాట పెడితే, ఏది పూర్తవడం అన్న దగ్గరే మళ్లీ మొదలవుతుంది. ఓవర్‌టైమ్‌కీ ఇదే నిష్పత్తి. ఒకరు రాని రోజు అదే క్రాఫ్టు నుంచి ఇంకొకరు రావాలి. సగం సగం ఉన్నప్పుడు ఫోర్‌మన్ ఏ క్రాఫ్టు వాడన్నదీ ఆ కాగితంలోనే ఉండాలి.

సంతకాలు రెండు యూనియన్ల బిజినెస్ ఏజెంట్లవి, అంటే యూనియన్ తరఫున ఒప్పందాలు చూసే అధికారులవి, కావాలి. స్టీవార్డు మాట మంచిదే, కానీ రేపు ఆయన స్థానంలో ఇంకొకరు రావచ్చు. ఇంకో వాక్యం కూడా తప్పనిసరి: ఈ ఏర్పాటు ఈ పనికే పరిమితం, మరో చోట పూర్వ ఉదాహరణగా వాడకూడదు. ఇది లేకపోతే బిజినెస్ ఏజెంట్ సంతకం పెట్టడానికి వెనకాడతాడు, దానికి కారణం ఉంది. 1962 నాటి జె.ఎ. జోన్స్ కేసు నుంచి బోర్డు ఇలాంటి వివాదాల్లో యజమాని ఎంపిక, నైపుణ్యం, ఒప్పందాలు, పనిలో సౌలభ్యంతో పాటు ఆ ప్రాంతంలో ఉన్న ఆనవాయితీని కూడా చూస్తోంది. ఈ సైట్లో సగం పని వదులుకున్నారన్న కాగితం రేపు పక్క కౌంటీలో వాళ్ల మీదే సాక్ష్యంగా రావచ్చు. ఆ భయం తీర్చే వాక్యం రాసిస్తే నిష్పత్తి బేరం సగం తేలికవుతుంది.

పీఎల్‌ఏ, అంటే ప్రాజెక్టు మొత్తానికీ ఒకే కార్మిక ఒప్పందం ఉన్న సైట్లో ఇదంతా ఎంతో నయం. పని మొదలయ్యే వేళ, సెలవులు, పది గంటల షిఫ్టులు, సమ్మె చేయబోమన్న హామీ సాధారణంగా అన్ని క్రాఫ్టులకూ ఒకటే అవుతాయి. అది లేని చోట ఒకే క్రూలో ఒకరికి ఒకటిన్నర రెట్లు, ఇంకొకరికి రెండు రెట్లు ఓవర్‌టైమ్ పడే పరిస్థితి రావచ్చు. పక్కపక్కన నిలబడి అదే చెయిన్ లాగే ఇద్దరి మధ్య అది మంట పెడుతుంది. 2022 ఫిబ్రవరిలో వచ్చిన 14063వ అధ్యక్ష ఉత్తర్వు 3.5 కోట్ల డాలర్లు, ఆపైన ఉన్న ఫెడరల్ నిర్మాణాలకు ఇలాంటి ఒప్పందాన్ని సాధారణ నియమం చేసింది. 

సోలార్ వాళ్లకు విడిగా ఒక మాట. పెద్ద సోలార్ ఫీల్డులో స్తంభాలు దించడం, ప్యానెళ్లను మోసే టార్క్ ట్యూబులు, ప్యానెళ్లు, వైరింగ్ అంతా ఒకే వరుసలో, ఒకదాని వెనక ఒకటి కదులుతూ పోతుంది. ఏ గీత గీసినా నిలవదు కాబట్టి అక్కడ కాంపోజిట్ క్రూలదే పైచేయి అనుకుంటాను. 2022 నాటి ఇన్‌ఫ్లేషన్ రిడక్షన్ చట్టం కింద పూర్తి పన్ను రాయితీ కావాలంటే, 2024 నుంచి మొదలైన నిర్మాణాల్లో పని గంటల్లో 15 శాతం అప్రెంటిస్‌లవి ఉండాలి. మిశ్రమ క్రూలో ఆ గంటల్ని క్రాఫ్టు వారీగా, వారం వారం రాసుకోండి. ఏడాది చివర్లో వెనక్కి వెళ్లి విడదీయడం అసాధ్యం.

మిగతా దారుల గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. మొత్తం పని ఒకే యూనియన్‌కి ఇచ్చేయడం చిన్న మెయింటెనెన్స్ పనుల్లో నడుస్తుంది, పెద్ద సైట్లో మిగిలిన యూనియన్లు ఊరుకోవు. ముక్కలు చేసి వేర్వేరు సబ్‌కాంట్రాక్టర్లకు ఇస్తే ఎదురుచూపులు అలాగే ఉంటాయి, పైగా బిల్లుల తగాదా కలుస్తుంది.

నన్నడిగితే యంత్రాలు కూర్చోబెట్టే పనికి, షట్‌డౌన్లలో రోజులు లెక్కపెట్టి చేసే పనికి, సోలార్ వరుసలకు కాంపోజిట్ క్రూనే అడుగుతాను. తగ్గింపు క్రమం కాగితం మీద లేకుండా మాత్రం ఒప్పుకోను. ప్రీ-జాబ్ మీటింగ్ అయిపోయి, ఆ కాగితం సంపాదించే సమయం దాటిపోయి ఉంటే, క్రాఫ్టుకో క్రూ పెట్టి ఎదురుచూసే గంటల్ని షెడ్యూల్లో కలుపుకోండి. అప్పుడు కనీసం ఎంత ఆలస్యమవుతుందో ముందే తెలుస్తుంది, క్లయింటుకు చెప్పడానికి ఒక తేదీ ఉంటుంది. ఇద్దరు ముగ్గురితో ఒక షిఫ్టులో తేలిపోయే పనయితే కాంపోజిట్ ఆలోచనే వద్దు. ఇద్దరు బిజినెస్ ఏజెంట్లను ఒక గదిలో కూర్చోబెట్టడానికే అంతకన్నా ఎక్కువ సమయం పడుతుంది.