వార్డెనా, ప్యాచా, స్టెంటా: సైనస్ వీనోసస్ రంధ్రానికి ఏది మేలు?

నెల్లూరు నుంచో తిరుపతి నుంచో ఫైలు పట్టుకుని చెన్నై వచ్చేవాళ్లు మొదట అడిగేది "రంధ్రం ఎంత పెద్దది?" అనే. సైనస్ వీనోసస్ రంధ్రం, అంటే గుండె పై గదులైన రెండు కర్ణికల మధ్య, పై మహాసిర దగ్గర పడే రంధ్రం, విషయంలో అంతకన్నా ముఖ్యం, కుడి ఊపిరితిత్తి పై సిర ఎక్కడ కలిసిందన్నది. ఎడమ కర్ణికలో పడాల్సిన ఆ సిర, తల నుంచీ చేతుల నుంచీ చెడు రక్తం దించే పై మహాసిరలో, అదే ఎస్‌వీసీలో, కలిసిపోతుంది. మంచి రక్తం మళ్లీ ఊపిరితిత్తులకే పోతూ కుడి గదుల్ని ఉబ్బిస్తుంది. రంధ్రానికి పై అంచు ఉండదు కాబట్టి కర్ణికల మధ్య రంధ్రాలను గొట్టం ద్వారా మూసే మామూలు ఏఎస్‌డీ డివైస్ పట్టు దొరక్క నిలవదు. ఛాతీ మీద తీసే ఎకోకి తరచూ చిక్కనిదీ ఇదే. కుడి గదులు పెద్దవయ్యాయనీ, రంధ్రం మాత్రం లేదనీ రాశారంటే సీటీ అడగండి.

సిర కిందనే, కర్ణిక అంచున కలిస్తే ఒక్క ప్యాచ్ చాలు. పెరికార్డియం, అంటే గుండె చుట్టూ ఉండే పొర, ముక్క అడ్డు కుట్టి ఆ రక్తాన్ని రంధ్రం గుండా ఎడమకు మళ్లిస్తారు. ఇక్కడ తర్జనభర్జన అక్కర్లేదు.

సిర పైన కలిసినప్పుడే చిక్కంతా. లోపలి ప్యాచ్ ఎస్‌వీసీని ఇరుకు చేస్తుంది, దాన్ని వెడల్పు చేయడానికి బయట రెండో ప్యాచ్ కావాలి. అందుకు ఎస్‌వీసీ, కర్ణిక కలిసే చోటు మీదుగా కోత పడుతుంది. గుండె లయను నడిపే సైనస్ నోడ్ ఉండేది సరిగ్గా అక్కడే. దానికి దెబ్బ తగిలితే నాడి మందగిస్తుంది, కొందరికి పేస్‌మేకర్ దాకా పోతుంది.

1984లో వార్డెన్ బృందం ప్రచురించిన పద్ధతిలో ఆ చోట కత్తి పెట్టరు. సిర కలిసిన చోటికి పైన ఎస్‌వీసీని అడ్డంగా తెంచి, పై కొసను కుడి కర్ణిక చెవికి, అంటే కర్ణికకు అంటి ఉండే చిన్న సంచికి, కుడతారు. కింది కొస మూసేసి, అందులోకి వచ్చే రక్తానికి ప్యాచ్‌తో ఎడమ కర్ణిక దారి చూపిస్తారు. తేడా వచ్చేది ఆ చెవి కుట్టు దగ్గరే. చెవి లోపలి కండర పోగులు కోసి తీసేయకపోయినా, ఎస్‌వీసీని చుట్టూ వదులు చేయకుండా లాగి కుట్టినా తర్వాత అక్కడ ఇరుకు పడొచ్చు. పొద్దున్నే ముఖం వాచినా, వంగితే తల బరువెక్కినా వెంటనే చూపించుకోవాలి.

కవర్డ్ స్టెంట్‌కు, అంటే పొర కప్పిన లోహపు జాలీ గొట్టానికి, ఛాతీ కోయరు. దాన్ని ఎస్‌వీసీలో తెరిస్తే రంధ్రం మూసుకుని, సిర రక్తం దాని వెనకనుంచి ఎడమ కర్ణికకు పోతుంది. చెన్నైలోనే మద్రాస్ మెడికల్ మిషన్ వైద్యులు దీనిమీద తమ అనుభవాన్ని ప్రచురించారు. ముందు ఎస్‌వీసీలో బెలూన్ ఉబ్బించి, ఊపిరితిత్తి సిరలో రంగు మందు వదిలి చూస్తారు. రంగు అడ్డులేకుండా ఎడమ కర్ణికలోకి దిగితేనే స్టెంట్. ఆగితే ఆపరేషనే. ఈ పరీక్షను తేలిగ్గా తీసుకుంటే సిర మూసుకుపోవచ్చు. స్టెంట్ జారడం, పక్కనుంచి కొంత రక్తం కారుతూనే ఉండడం మిగతా భయాలు.

ఎదిగిన మనిషై, బెలూన్ పరీక్ష నెగ్గితే మా ఓటు స్టెంట్‌కే. స్టెంట్ పిల్లలతోపాటు పెరగదు కాబట్టి వాళ్లకూ, సిర బాగా ఎత్తున కలిసినవాళ్లకూ వార్డెన్. రెండు ప్యాచ్‌లు మా లెక్కలో చివరివి.

సీటీ రిపోర్టులో ఎడమ ఎస్‌వీసీ, అంటే కొందరికి ఎడమవైపు అదనంగా ఉండే పై మహాసిర, ఉందో లేదో కూడా చూడండి. ఉంటే కుడిది సన్నగా ఉండొచ్చు, అప్పుడు పై నిర్ణయాలన్నీ మళ్లీ తూచాలి.